తోక చూసి ఉర్కుయాని మగాణ్ణి చేసిన మిషను

బురుల్‌కి కోపమొస్తే అరవదు. ముందు చెవులు ఎర్రబడతాయి. తర్వాత చేతిలో ఉన్నది, కప్పో కలమో, బల్ల మీద మెల్లిగా పెడుతుంది. ఆ పెట్టడం చూసి ఆఫీసులో జనం కుర్చీలు వెనక్కి జరుపుకుంటారు. తండ్రి కాలిక్‌దీ అదే వరస. కిర్గిజ్ దేశంలో మా ఊరు కొచ్కోర్‌లో గుర్రాల కాపరి ఆయన. గుర్రం తన్నినా కర్ర ఎత్తేవాడు కాదు. దాని చెవి దగ్గరికెళ్ళి ఏదో చెప్పేవాడు, అది మళ్ళీ తన్నేది కాదు. ఏం చెప్పేవాడో దానికీ ఆయనకీ తెలియాలి. ఆయనా పోయాడు, గుర్రమూ పోయింది.

ఆ కాలిక్ కూతురు రాజధాని బిష్కెక్ వెళ్ళి కంప్యూటర్లకి పని చెప్పే చదువు చదివింది. ఏం చదువమ్మా అది అంటే చెప్పేది: "మిషను ఒట్టి మొద్దు పెద్దమ్మా. ఏం చెయ్యాలో వరసవరసనా రాసిపెట్టాలి. రాసిందే చేస్తుంది, ఒక్క మెతుకు ఎక్కువ చెయ్యదు." మరి మా కోడలూ అంతే కదా అన్నారు ఎవరో. దానికి జీతం ఇవ్వరు కదా అంది బురుల్. నోరు అలాంటిది.

బళ్ళో ఆమె పేరు బురుల్ షార్షెనోవా. షార్షెన్ ఆమె తాత, కాలిక్ తండ్రి. ఆ పేరుకి రష్యావాళ్ళ ఏలుబడిలో తోక తగిలించారు, మగాడైతే ఓవ్, ఆడదైతే ఓవా. ఆ ఏలుబడి పోయాక మావాళ్ళు చాలామంది ఆ తోకలు కోసేసుకున్నారు. కొడుకైతే ఫలానావాడి ఉలూ, కూతురైతే ఫలానావాడి కిజీ. కాలిక్ కిజీ అంటే కాలిక్ కూతురు. అందులో దాపరికం ఏముంది? బురుల్ పాస్‌పోర్టు తీసుకునే ఈడు రాగానే ఆఫీసుకెళ్ళి కాలిక్ కిజీ అని రాయించుకుంది. ఆ గుమాస్తా మూతి తిప్పింది. "షార్షెనోవాకి ఏమొచ్చిందమ్మాయ్? చక్కగా ఉంది, పట్నంలో పలుకుతారు."

"పలకలేకపోతే పిలవొద్దనండి" అందిట పిల్ల.

పెళ్ళయ్యాక అత్తగారు సాధింపు మొదలెట్టింది. "మా ఇంటి పేరు మొయ్యడానికి బరువైందా నీకు?"

"మీ నీళ్ళు మోస్తున్నా, మీ బొగ్గు మోస్తున్నా. పేరు కూడా నేనే మొయ్యాలా అత్తయ్యా? మీవాడికి చేతుల్లేవా?"

ఆ కాపురం నిలవలేదు. పేరు కోసమే పోయిందని చెప్పలేను గానీ, పేరు దగ్గర మాత్రం తగ్గలేదు.

తల్లి ఉర్కుయా సంగతి. ఐదుగుర్ని కని, జీవితమంతా గొర్రెల వెనకాలా ఆవుల కిందా గడిపిన మనిషి. మోకాళ్ళు రెండూ బిగుసుకుపోయాయి. నమాజుకి వంగలేదు, పాలు పిండటానికి పీట మీద కూచోలేదు, కూచుంటే లేవలేదు. ఇసిక్ కుల్ సరస్సు ఒడ్డున మట్టి పట్టు వేసే వైద్యశాలలున్నాయి కదా, ఆ మట్టి పడితే మోకాళ్ళు వదులవుతాయని డాక్టరమ్మ చీటీ రాసింది. సర్కారు ఖర్చు. కానీ చీటీ చేతికి రావాలంటే వరసలో ఉండాలి. ఎన్ని చలికాలాలు ఎదురు చూసిందో పాపం. చివరికి వచ్చింది. దానికి గడువుంది. కనుమ మీద మంచు పడి వైద్యశాల మూసేలోపు చేరాలి, లేకపోతే చీటీ చెల్లదు, మళ్ళీ వరసలో అందరికంటే వెనక. ఈ వయసులో వరస వెనక్కి పోవడమంటే ఏంటో నాకు చెప్పక్కర్లేదు.

ఉర్కుయా బోర్సోకులు, అవే మా పిండి బిళ్ళలు, వేయించి మూట కట్టుకుంది, ఎండు పెరుగు ఉండలు పెట్టుకుంది, కొత్త తలగుడ్డ చుట్టుకుంది, వ్యానెక్కింది. బురుల్ ఆఫీసులో ఉంది. మధ్యాన్నం దాటాక ఫోను.

"అమ్మా! అప్పుడే మట్టి పూసేశారా?"

"పూశారే. మొహాన పూశారు. వెనక్కొచ్చేస్తున్నా."

"ఏమైంది?"

"గాజు వెనకాల ఒకతి కూచునుంది, బంగారుపళ్ళది, గుల్సున్‌ట పేరు. చీటీ తీసుకుంది, పాస్‌పోర్టు తీసుకుంది, టకటకా కొట్టింది, తాళంచెవి ఇచ్చింది. వెళ్ళి తలుపు తీశాను. లోపల ఇద్దరు ముసలాళ్ళు లోపలి లాగుల్లో కూచుని పేకాడుతున్నారు."

"అయ్యో!"

"ఒకాయన ముక్కలు కింద పడేసి దుప్పటి లాక్కున్నాడు. పాపం, మర్యాదస్తుడు. రెండోవాడు మాత్రం, రా అక్కా, ముగ్గురైతే ఆట బావుంటుంది అన్నాడు."

బురుల్‌కి నవ్వొచ్చింది.

"నవ్వకు. ఈ కాళ్ళతో ఆ మెట్లన్నీ మళ్ళీ దిగాను. దిగి ఏమిటమ్మా ఇది అంటే ఆ బంగారుపళ్ళది ఏమందో తెలుసా? మా దాంట్లో నువ్వు మగాడివి పెద్దమ్మా అంది. ఐదుగుర్ని కన్న మగాణ్ణి ఎక్కడన్నా చూశావుటే అన్నాను. నేను చూళ్ళేదు, మిషను చూసింది అంది."

"మార్చమనకపోయావా?"

"మార్చడానికి వీల్లేదుట. పేరు చివర ఓవా తగిలించి కొడితే ఆడాళ్ళ వైపు మంచం తనంతట తనే వస్తుందిట. అందరూ అలాగే చేయించుకుంటున్నారుట. నేనెందుకు తగిలించుకుంటానే? పో అన్నాను."

"ఆ మిషను మీద ఏముందమ్మా? ఏ కంపెనీదో ఏమన్నా కనపడిందా?"

"నాకేం తెలుసు. తెర మీద ఓ మూల నీలం గుర్రం బొమ్మ ఉంది."

బురుల్ చేతిలో టీ కప్పుంది. మెల్లిగా బల్ల మీద పెట్టింది. ఎదురుగా గోడ మీద నీలం గుర్రం. తలుపు మీద నీలం గుర్రం. ఆ కప్పు మీద కూడా నీలం గుర్రమే.

సరస్సు ఒడ్డున వైద్యశాలల్లో మంచాలు పంచే మిషనుకి ఆ లెక్క రాసిచ్చింది వాళ్ళ ఆఫీసే. రాసిన మనిషి ఎర్మెక్ అబ్దుల్దాయెవ్, ఇప్పుడు ఆఫీసుకి పెద్ద. బురుల్ కంటే చిన్నవాడే, పట్నంలో పుట్టాడు, పట్నంలో పెరిగాడు, గొర్రెని పళ్ళెంలో తప్ప చూళ్ళేదు. బురుల్ వేరే పనుల్లో ఉండి ఆ లెక్క ఎప్పుడూ తెరిచి చూడలేదు. ఆ రోజు తెరిచింది.

వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. వాళ్ళ భాషలో అక్షరాల్ని పూసల్లా దండ గుచ్చి పెడతారుట. ఆ దండ ఫలానా అక్షరాలతో ముగుస్తుందా అని మిషనుని అడగొచ్చుట. అవునంటుంది, లేకపోతే కాదంటుంది, అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడదు. ఎర్మెక్ అదే అడిగాడు. పేరు ఓవాతో ముగుస్తుందా, ఎవాతో ముగుస్తుందా, ఇనాతో ముగుస్తుందా? అవునంటే ఆడది. కాదంటే మగాడు. అయిపోయింది. దేవుడు తొమ్మిది నెలలు తీసుకునే పని ఒక్క వరసలో తేల్చేశాడు.

మా సంతలో గొర్రె కొనేవాడు ముందు వెనక్కెళ్ళి తోక పట్టుకుంటాడు. మా గొర్రెలకి తోకంటే కొవ్వు మూట. అరచేత్తో ఎత్తి చూస్తే ఎంత మేసిందో, చలికాలం దాటుతుందో లేదో తెలుస్తుంది. తెలిసేది అంతే. తోక తడిమి ఇది పొట్టేలు, ఇది ఆడగొర్రె అని చెప్పేవాడు మా సంతలోకొస్తే పిల్లలు వెంటపడి నవ్వుతారు. వంగి చూడరా సన్నాసీ, కష్టం ఏముంది అంటారు. బిష్కెక్‌లో మాత్రం అలాంటివాడికి తోలు కుర్చీ వేసి కూచోబెట్టారు.

బురుల్ అక్కడితో ఆగలేదు. వైద్యశాలల్లోకి వచ్చిపోయిన ఆడాళ్ళ పేర్లు చదివింది. చదువుతుంటే చెవులు కాదు, మెడ దాకా ఎర్రబడింది. ఫలానా కిజీ ఓవా. ఫలానా కిజీఓవా. కూతురు అన్న మాటకి తోక కుట్టారు! అలాంటి పేరు భూమ్మీద ఏ తల్లీ తండ్రీ పెట్టలేదు. కొందరికి కిజీ కోసేసి తండ్రి పేరుకే ఓవా అతికించారు. మోకాళ్ళు నొప్పెట్టి, నడుములు పట్టేసి, మంచం కావాలి కదా, సరే కానివ్వండమ్మా అనేశారు ఆ ముసలమ్మలు. ఒకళ్ళూ ఇద్దరూ కాదు.

లేచి ఎర్మెక్ గదిలోకెళ్ళింది. తలుపు కొట్టలేదు.

"ఎర్మెక్, మా అమ్మ మగాడా?"

అతను నవ్వాడు. "ఏంటక్కా, పొద్దున్నే పొడుపుకథలు?"

"పొద్దున్న కాదు, సాయంత్రం అవుతోంది. ఈ వరస రాసింది నువ్వేనా?"

చూశాడు. "ఓ, ఇదా. బాగానే పనిచేస్తోంది కదక్కా."

"ముసలాళ్ళ గదికి తోలింది మా అమ్మని. అలా పనిచేస్తోంది."

"అయ్యయ్యో, మీ అమ్మగారా! ముందే చెప్పొచ్చు కదా. ఆవిడ పేరు ఒక్కటీ నేను చేత్తో మార్చేస్తా."

"మా అమ్మ ఒక్కతే కూతురా ఈ దేశంలో? పాస్‌పోర్టులో ఆడో మగో రాసే ఉంది కదా. ఆ గుల్సున్ చేతిలోనే ఉంది కదా పాస్‌పోర్టు. ఒక గడి పెట్టి అడగడానికి నీకేం రోగం?"

"అక్కా, గడి తగ్గించామనే కదా వాళ్ళు మన దగ్గర కొన్నారు. కొట్టాల్సినవి తక్కువ ఉంటే గుమాస్తాలకి సుఖం. ఇన్నాళ్ళలో ఒక్కళ్ళు కూడా ఫిర్యాదు చెయ్యలేదు తెలుసా?"

"చెయ్యరు. దుప్పటి కప్పుకుంటారు, లేకపోతే ఓవా తగిలించుకుంటారు."

"సరే సరే. కిజీ కూడా కలుపుతా. ఇదిగో." కూచున్నచోటే టకటకా కొట్టాడు. కిజీతో ముగిస్తే కూడా ఆడది. తర్వాత అసనాలీ కిజీ అని కొట్టి చూపించాడు. ఉర్కుయా తండ్రి పేరు అసనాలీ. మిషను ఆడది అంది. "చూశారా? ఇంత చిన్నదానికి మీరు..." అని మిగతాది మింగాడు. బురుల్ మొహం చూసే మింగుంటాడు.

బురుల్‌కి అప్పుడే మనసు పీకింది. ఇంకో నాలుగు రకాలుగా కొట్టి చూడాలనిపించింది. కానీ తల్లి చీటీ గడువు నెత్తి మీదుంది, కనుమ మీద మబ్బులు దిగుతున్నాయని రేడియో చెప్పింది. తల్లికి ఫోన్ చేసి, "బాగుచేశారమ్మా, రేపు బయల్దేరు" అంది. ఆ మాట అన్నందుకు తర్వాత తన నాలుక తనే కొరుక్కుంది.

మర్నాడు ఉర్కుయా మళ్ళీ వ్యానెక్కింది. వెనక సీటు దొరికింది. వెనక సీటంటే మా దారిలో ఏంటో ఎముకలున్నవాళ్ళకి తెలుసు. ఎగిరెగిరి పడుతూ వెళ్ళింది. బురుల్ ఫోను బల్ల మీద పెట్టుకుని కూచుంది. మోగింది.

"నేనింకా మగాణ్ణే" అంది తల్లి.

"అమ్మా, కాదు, నేను చూశాను..."

"నువ్వు చూశావు, వాడు చూశాడు, మిషను చూసింది. అందరూ చూశారు, నేను మాత్రం ముసలాళ్ళ గదిలోనే తేలాను. అదే గదే! వాడున్నాడు, పేకాటవాడు. వచ్చావా అక్కా, ముక్కలు పంచేదా అన్నాడు."

"ఇప్పుడెక్కడున్నావు?"

"గాజు ఎదురుగా బల్ల మీద కూచున్నా. లేవను. ఆ బంగారుపళ్ళది వంటశాల నుంచి టీ తెప్పించింది, మంచిదే, పాపం దాని తప్పేముంది. ఓవా అనిపించుకో పెద్దమ్మా, నిమిషంలో తాళంచెవి ఇస్తానంటోంది. కాయితం మీదే కదా, మీ నాన్న వచ్చి చూస్తాడా అంటోంది."

"నువ్వేమన్నావు?"

"రాడు, అందుకే ఒప్పుకోను అన్నాను."

అసనాలీ కథ బురుల్‌కి తెలుసు. కొచ్కోర్‌లో మాకందరికీ తెలుసు. ఉమ్మడి వ్యవసాయం రోజుల్లో మంచుతుఫానులో మంద తప్పిపోతే వెతకడానికి కొండెక్కిన మనిషి. గొర్రెలు దిగొచ్చాయి, ఆయన దిగలేదు. మంద దక్కినందుకు పతకం వచ్చింది, అది వ్యవసాయ దళనాయకుడి కోటు మీదకెక్కింది. ఒళ్ళు దొరకలేదు కాబట్టి గోరీ లేదు, గోరీ లేదు కాబట్టి రాయి లేదు. ఉర్కుయా అప్పటికి నడక నేర్చుకుంటున్న పిల్ల. తండ్రి మొహం తెలీదు. బురుల్ పేరు మార్పించుకొచ్చిన రోజున కూతురి పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి, "నీ తండ్రికి నువ్వున్నావు, మా నాన్నకెవరున్నారే" అని, ఆ మర్నాడే తను కూడా ఆఫీసుకెళ్ళి నిలబడింది. ఆయన పేరు లోకంలో మిగిలిన చోటు అదొక్కటే, ఒక ముసల్దాని పాస్‌పోర్టులో. దాన్ని కూడా కోసి తోక కుడతారుట. మంచం కోసం.

బురుల్ మళ్ళీ తెరిచింది. తల్లి పేరు వెతికింది. దొరికింది. చూస్తే ఏముంది? అసనాలీ క. అంతే. క పక్కన చుక్క.

మరి మాలో అందరూ అలాగే రాస్తాం కదా! కిజీ అని పొడుగ్గా ఎవరు రాస్తారు? బడి రిజిస్టర్లో క చుక్క, ఆస్పత్రిలో క చుక్క, గోరీల మీద కూడా క చుక్కే. ఉలూ అయితే ఉ చుక్క. గుల్సున్ పుట్టినప్పట్నించీ అలాగే రాస్తోంది. మిషను వెనక్కెళ్ళి తోక తడిమింది, చేతికి చుక్క తగిలింది. చుక్క ఓవా కాదు, కిజీ కాదు. మగాడు, పేకాట గదికి పంపు. ఎర్మెక్ మాత్రం తన గదిలో కూచుని పేరు నిండుగా కొట్టి, ఆడది వచ్చిందని సంబరపడ్డాడు. కిర్గిజ్ తల్లికి పుట్టినవాడికి క చుక్క గుర్తుకు రాకపోవడమేంటో! రాలేదు మరి. తనకీ రాలేదు. బురుల్‌కి ఆ మంట ఇంకా ఎక్కువైంది. వాడి మీద సగం, తన మీద సగం.

ఈసారి ఎర్మెక్కే బయటికొచ్చాడు, అందరి మధ్యలోకి.

"మళ్ళీ ఏంటక్కా?"

"క చుక్క."

చూశాడు. నాలుక కరుచుకున్నాడు. "ఓహో. సరే, చుక్క కూడా కలిపేద్దాం. చుక్కతో ముగిస్తే ఆడది."

"ఉ చుక్క కూడా చుక్కతోనే ముగుస్తుంది నాయనా. సరస్సు ఒడ్డున ముసలాళ్ళందరూ సాయంత్రానికల్లా ముసలమ్మలైపోతారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎర్మెక్ మొహం మాడింది.

"అయితే క చుక్క అని కలుపుతా. విడిగా."

"కలుపు. తర్వాత చుక్క మర్చిపోయి ఒట్టి క కొట్టిన దాన్ని ఏం చేస్తావు? పెద్దక్షరాల్లో కొట్టినదాన్ని ఏం చేస్తావు? టోక్మోక్‌లో కొరియా ముసలమ్మ కిమ్ ఉంది, ఆవిడకి తోకే లేదు. చైనా నుంచి వచ్చిన దుంగాన్ల ముసలమ్మ ఉంది, ఆవిడ ఇంటిపేరు 'మా', ఒక్క అక్షరం. ఎన్ని తోకలు కడతావు? ఎన్నాళ్ళు కడతావు? నువ్వు తోకలు కడుతూ ఉంటే మా అమ్మ బల్ల మీద కూచునుండాలా?"

"మీరు కాస్త గొంతు తగ్గించండి."

"నేను గొంతు ఎత్తానా?" అంది బురుల్. నిజమే, ఎత్తలేదు. అందుకే అందరికీ భయం వేసింది.

"అక్కా వినండి. గడి పెడితే ప్రతి వైద్యశాల నుంచి ఫోన్లొస్తాయి. పని పెంచారని గోల. మాట ఇచ్చి అమ్మాం. రేపు నింపాదిగా కూచుని మాట్లాడుకుందాం. ఈ రోజుకి అమ్మగారిని ఓవా అనిపించుకోమనండి, ఒక్క వారమే కదా, బయటికొచ్చాక మళ్ళీ..."

ఆ ముక్కతో చెడింది. అప్పటిదాకా ఎలా ఉండేదో గానీ ఆ ముక్కతో పూర్తిగా చెడింది.

"ఎర్మెక్, నీ పేరు అబ్దుల్దాయెవ్. ఎవడో రష్యా గుమాస్తా మీ ముత్తాతని నిలబెట్టి అబ్దుల్దా అంటే సరిపోదురా అని తోక తగిలించాడు. మీ ముత్తాత కాదనలేకపోయాడు, వాడి చేతిలో తుపాకీ ఉంది. ఇవాళ తుపాకీ లేదు, గుమాస్తా లేడు. నువ్వే కూచుని మా అమ్మకి తగిలిస్తున్నావు. ఎవడూ అడక్కుండా. గడి తగ్గుతుందని."

"రాజకీయాలొద్దు అక్కా, ఇది ఒక్క వరస."

"ఒక్క వరసే" అంది బురుల్. కూచుంది. ఆ వరస తుడిచేసింది. దాని స్థానంలో గడి పెట్టింది, ఆడా మగా అని. ఏదో ఒకటి నొక్కితే గానీ మిషను ముందుకు కదలదు. అన్ని వైద్యశాలలకీ పంపే మీట మీద వేలు పెట్టింది.

"అది నొక్కితే రేపట్నించి మీరు రానక్కర్లేదు" అన్నాడు ఎర్మెక్. నవ్వు పోయింది మొహంలో.

"నువ్వు రమ్మన్నా రాను తమ్ముడూ" అని నొక్కింది.

కోటు తీసుకుంది, శాలువా తీసుకుంది. నీలం గుర్రం కప్పు అక్కడే వదిలేసింది. మెట్లు దిగింది. ఇంటద్దె ఉంది, ఆ కాపురంలో పుట్టిన పిల్ల చదువుంది. తెలీక చేసింది కాదు. వీధి మూల పీపాలో మాక్సిమ్, మా పులిసిన గింజల జావ, అమ్మే ఆవిడ దగ్గర నిలబడి ఒక గ్లాసు పోయించుకుని తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, మళ్ళీ గాజు దగ్గరికెళ్ళు. ఫోను కట్టెయ్యకు."

"ఇప్పుడేం చేశావే?"

"వెళ్ళు ముందు."

కర్ర చప్పుడు వినిపించింది. కుంటుకుంటూ వెళ్తున్న ఊపిరి వినిపించింది. తర్వాత గుల్సున్ గొంతు, చిరాగ్గా. "ఉండు పెద్దమ్మా, ఇదేదో కొత్తగా మొరాయిస్తోంది. ముందుకి పోవట్లేదు. ఏదో అడుగుతోంది."

"ఏమడుగుతోంది?"

"నువ్వు ఆడా మగా అని."

"నీకు కళ్ళు లేవుటే?"

"ఉన్నాయి పెద్దమ్మా, కళ్ళున్నాయి! ఏదోటి నొక్కితే గానీ వదలదుట. నా ప్రాణం తీస్తున్నారు. ఇక్కడ వరసలో ఇంతమంది ఉన్నారు, ఒక్కొక్కళ్ళనీ అడగనా నేను? ఇన్నాళ్ళూ హాయిగా ఉండేది."

"నీకు హాయిగా ఉండేది. నేను మెట్లెక్కి దిగి మెట్లెక్కి దిగాను. అడుగు. అందర్నీ అడుగు. నోరు అరిగిపోతుందా?"

వెనకాల నుంచి మగ గొంతు. పేకాటాయనే అయ్యుండాలి, ఇంకెవరు? "అక్కయ్య మా గదికి రాదా ఇక? మూడో ముక్క ఎవరికి పంచాలి?"

"నీ పెళ్ళానికి పంచు" అంది ఉర్కుయా. జనం నవ్వారు. తర్వాత గుల్సున్‌తో, గొంతు మార్చి, "రాసుకో అమ్మాయ్. ఆడదాన్ని. అసనాలీ కూతుర్ని. కూతురన్న మాట మొత్తం రాయి, చుక్క పెట్టి మింగెయ్యకు."

"ఇంత పొడుగూనా?"

"ఆయన కొండెక్కిన దారి కంటే పొడుగు కాదులే. రాయి."

టకటకా చప్పుడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతోంది, అలవాటు లేదు కదా. తర్వాత తాళంచెవి గాజు కింద నుంచి జారిన చప్పుడు. "ఆడవాళ్ళ భవనం. కింది అంతస్తే ఇచ్చాను, మెట్లు లేవు. మట్టి రేపు పొద్దున్న. వెళ్ళు పెద్దమ్మా."

బురుల్ వీధి మూల గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. మాక్సిమ్ ఆవిడ, "తాగవేంటమ్మాయ్, మరీ పులిసిందా?" అంది. బురుల్ తల ఊపింది, అవునో కాదో ఆవిడకి అర్థం కాలేదు. ఫోనులో కర్ర నడుస్తూనే ఉంది. తలుపు తెరుచుకుంది. లోపల ఎవరో ఆడమనిషి పడుకున్నట్టుంది, మంచం కిర్రుమంది.

"ఎవరు?"

"నేనే. లేవకు, పడుకో. ఆ కిటికీ పక్క మంచం ఎవరిది?"

"ఎవరిదీ కాదు. మీ పేరేంటండీ?"

"చెప్తా గానీ" అంది ఉర్కుయా, "ముందు ఈ జోడు విప్పడానికి సాయం పట్టు. వంగలేను."